మీ ఫిల్మ్‌లో లిథియంను మోస్తున్నది ఏది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బ్యాటరీలో ద్రవానికి బదులు లిథియం అయాన్లను మోసే ఘన ఎలక్ట్రోలైట్‌గా మీరు ఒక ఫిల్మ్ చేశారు. పీఈఓ, అంటే పాలీఇథిలీన్ ఆక్సైడ్ అనే పాలిమర్‌లో, లిథియం టీఎఫ్‌ఎస్‌ఐ ఉప్పు కలిపి, ఎసిటోనైట్రైల్ అనే ద్రావకంలో కరిగించి పోసి ఆరబెట్టిన (క్యాస్ట్ చేసిన) ఆ ఫిల్మ్ వాహకత గది ఉష్ణోగ్రత దగ్గర 10⁻⁶ సీమెన్స్/సెం.మీ. దాటడం లేదు. పేపర్లలో మాత్రం 10⁻⁴, 10⁻³ కనిపిస్తున్నాయి. ఉప్పు పెంచాలా, సిరామిక్ పొడి కలపాలా, లేక పీఈఓ వదిలేసి పీవీడీఎఫ్-హెచ్‌ఎఫ్‌పీ అనే ఇంకో పాలిమర్‌కు మారాలా అని అడిగారు. ఫోన్ బ్యాటరీని లిథియం పాలిమర్ అంటారు కదా, వాళ్ళకు కుదిరింది మనకెందుకు కుదరదు అని కూడా అడిగారు.

ముందు టెన్షన్ తీసేస్తాను. మీ అంకె సరైనదే. బాగా ఆరబెట్టిన పీఈఓ ఫిల్మ్ 25 డిగ్రీల దగ్గర 10⁻⁷, 10⁻⁶ మధ్యే ఇస్తుంది. మీకు 10⁻³ వచ్చి ఉంటే నేను అభినందించేవాణ్ణి కాదు, ఫిల్మ్‌లో ఏం మిగిలిపోయిందో చూడమనేవాణ్ణి. ఇరవై ఏళ్ళకు పైగా ఈ పదార్థాలతో పనిచేశాక నాకు అర్థమైంది ఇది: వాహకత ఎంత అని అడిగే ముందు, ఆ కరెంటును మోస్తున్నది ఏది అని అడగాలి. పాలిమర్ గొలుసా? లిథియం కాకుండా ఆనయానా, అంటే ఉప్పులోని రుణ అయానా? ఆరకుండా మిగిలిన ద్రావకమా? అంకె ఒకటే అయినా, ఈ మూడింటిలో ఏది మోస్తోందన్న దాన్నిబట్టి మీ చేతిలో ఉన్న పదార్థమే మారిపోతుంది.

పీఈఓలోకి ఆల్కలీ లోహాల లవణాలు కరుగుతాయని 1973లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పీటర్ రైట్, ఆయన సహచరులు చూపించారు. దాన్ని బ్యాటరీ ఎలక్ట్రోలైట్‌గా వాడొచ్చని 1978లో ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ అర్మాన్ ప్రతిపాదించారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా చిక్కుముడి ఒకటే. పీఈఓ గొలుసులో ప్రతి రెండు కార్బన్లకు ఒక ఆక్సిజన్ ఉంటుంది. లిథియం అయాన్ చుట్టూ నాలుగు నుంచి ఆరు ఆక్సిజన్లు చేరి దాన్ని పట్టుకుంటాయి. ఆ పట్టు వల్లే ఉప్పు కరుగుతుంది. కానీ అయాన్ ముందుకు వెళ్ళాలంటే అదే పట్టు సడలాలి.

నిప్పు ఆర్పడానికి మనుషులు వరసగా నిలబడి నీళ్ళ బిందెను చేతులు మార్చుకుంటారు చూడండి, పాలిమర్‌లో లిథియం ప్రయాణం దాదాపు అలాంటిదే. బిందె తనంతట తాను కదలదు, చేతులు కదలాలి. గొలుసు ముక్కలు అటూ ఇటూ ఊగుతూ ఒక ఆక్సిజన్ గుంపు నుంచి ఇంకో గుంపుకు లిథియంను అందిస్తాయి. గొలుసు స్ఫటికంగా గడ్డకట్టిన చోట చేతులు బిగుసుకుపోతాయి, బిందె ఆగిపోతుంది. అయాన్లు ప్రధానంగా అస్ఫటిక భాగంలోనే కదులుతాయని 1983లో బెర్తియే బృందం ఎన్‌ఎంఆర్ అనే అయస్కాంత పరీక్షతో చూపించింది. పీఈఓ సుమారు 65 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకే గది ఉష్ణోగ్రతలో చాలా భాగం గడ్డకట్టి ఉండి, 60 దాటాక వాహకత ఒక్కసారిగా పెరిగి 10⁻⁴, ఇంకా పైకి వెళ్తే 10⁻³ దగ్గరకు వస్తుంది. మీరు 70 డిగ్రీల దగ్గర కొలిచారా? కొలవకపోతే ముందు అది చేయండి. అక్కడ మంచి విలువ వస్తే మీ తయారీలో లోపం లేనట్టే.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. ఫిల్మ్‌ను 80కి వేడిచేసి చల్లబరిస్తే పీఈఓ వెంటనే తిరిగి గడ్డకట్టదు, గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. చల్లబరుస్తూ కొలిచిన గది ఉష్ణోగ్రత విలువ, వారం ఆగి కొలిచిన దాని కన్నా బాగా ఎక్కువగా ఉండొచ్చు. పేపర్లో అంకె చూసినప్పుడు అది వేడిచేస్తూ తీసిందా, చల్లబరుస్తూ తీసిందా అని తప్పకుండా చూడండి. ఈ ఒక్క వివరం రాయని పేపర్లు చాలా ఉన్నాయి, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

10⁻⁶ బ్యాటరీకి ఎందుకు చాలదో ఒక చిన్న లెక్కతో చూద్దాం. 20 మైక్రాన్ల మందం ఫిల్మ్ అనుకోండి. మందాన్ని వాహకతతో భాగిస్తే ఒక చదరపు సెంటీమీటరుకు వచ్చే నిరోధం తెలుస్తుంది. 10⁻⁶ అయితే 2000 ఓమ్‌లు. చదరపు సెంటీమీటరుకు 1 మిల్లీయాంప్ పంపితే ఫిల్మ్‌లోనే 2 వోల్టులు పోతాయి. 3.4 వోల్టుల సెల్‌లో ఇక మిగిలేదేముంది! అదే 10⁻⁴ అయితే 20 ఓమ్‌లు, 20 మిల్లీవోల్టులు. అది భరించగలిగిందే. అంటే పలుచని, గట్టి ఫిల్మ్ చేయగలిగితే 10⁻⁴ చాలు, ద్రవాలిచ్చే 10⁻² అక్కర్లేదు. మీ ఫిల్మ్ మందం 150 మైక్రాన్లు అని రాశారు. వాహకతను రెట్టింపు చేయడానికి ఆరు నెలలు పట్టొచ్చు. మందాన్ని 30 మైక్రాన్లకు తెస్తే నిరోధం ఐదో వంతు అవుతుంది, అది కొన్ని వారాల పని. అయినా మనలో చాలామంది మొదటి దాని వెంటే పడతాం.

ఇక ఉప్పు. పెంచితే అయాన్లు పెరుగుతాయి, నిజమే. కానీ ప్రతి లిథియం కొన్ని ఆక్సిజన్లను పట్టుకుని, రెండు గొలుసులను ముడివేస్తుంది. గొలుసు బిగుస్తుంది, గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత, అంటే చల్లబరిస్తే గొలుసు గాజులా బిగుసుకుపోయే ఉష్ణోగ్రత, పైకి వెళ్తుంది. ఉప్పు లేని పీఈఓకు అది మైనస్ 60 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఉప్పు పెంచుతూ పోతే ఒక దశ దాటాక అయాన్లు జంటలుగా, గుంపులుగా కలిసిపోయి వాహకత తిరిగి పడిపోతుంది. ఒక లిథియానికి 10 నుంచి 20 ఆక్సిజన్ల మధ్య ఎక్కడో శిఖరం ఉంటుంది. మీరు 16 దగ్గర ఉన్నారు. అక్కడే ఉండండి, ఉప్పుతో మీకు ఇక పెద్దగా కలిసొచ్చేది లేదు.

సిరామిక్ పొడి సంగతి ఇంకొంచెం ఆసక్తికరం. 1998లో క్రోచె, స్క్రొసాటి బృందం నానో సైజు టైటానియం డయాక్సైడ్, అల్యూమినా కలిపి 30 డిగ్రీల దగ్గర 10⁻⁵, 50 దగ్గర 10⁻⁴ స్థాయి చూపించింది. ఆ రేణువులు లిథియంను మోయవు. అవి గొలుసును క్రమంగా పేర్చుకోనివ్వకుండా అడ్డుపడతాయి, వాటి ఉపరితలం ఆనయాన్లను కొంత పట్టి ఉంచుతుంది. కాబట్టి లాభం నిజమే, కానీ దానికి హద్దు ఉంది. 10 శాతం దాటించి పోస్తే రేణువులు ముద్దకడతాయి, ఫిల్మ్ పెళుసవుతుంది. ఎల్‌ఎల్‌జెడ్‌ఓ లాంటి, తామే లిథియంను మోసే సిరామిక్స్ కలిపినా ఫలితం వెంటనే మారిపోదు. పాలిమర్ నుంచి సిరామిక్‌లోకి దాటే హద్దు దగ్గరే నిరోధం ఎక్కువగా ఉంటుంది కాబట్టి, అయాన్ తనకు తేలికైన దారి, అంటే పాలిమర్ దారే పట్టుకుంటుంది. పైగా ఎల్‌ఎల్‌జెడ్‌ఓ గాలిలో తేమ, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైన లిథియం కార్బోనేట్ పొర కట్టుకుంటుంది. ఆ పొర తీయకుండా కలిపితే ఖరీదైన మామూలు పొడి కలిపినట్టే.

ఇప్పుడు మీ ఫోన్ ప్రశ్న. ఫోన్లలో, డ్రోన్లలో లిథియం పాలిమర్ అని అమ్మేవి మీరు చేస్తున్న రకం కావు. వాటిలో చాలావరకు మెత్తటి అల్యూమినియం సంచిలో పెట్టిన మామూలు లిథియం అయాన్ సెల్స్. కొన్నింటిలో పాలిమర్ ఉంటుంది, అయితే అది ద్రవాన్ని పీల్చుకుని జెల్‌లా ఉంటుంది. 1990లలో అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధన సంస్థలో గోజ్డ్, తారాస్కాన్ బృందం పీవీడీఎఫ్-హెచ్‌ఎఫ్‌పీతో ఈ దారి చూపించింది. ముందు డైబ్యూటైల్ థాలేట్ కలిపి ఫిల్మ్ చేసి, ఆ థాలేట్‌ను బయటకు లాగేసి, ఏర్పడిన రంధ్రాల్లో ద్రవ ఎలక్ట్రోలైట్ నింపారు. జెల్ 10⁻³ సులువుగా ఇస్తుంది, ఎందుకంటే అక్కడ లిథియంను మోస్తున్నది ద్రవమే. పాలిమర్ స్పాంజిలా దాన్ని పట్టి ఉంచుతుంది, అంతే. జెల్ చెడ్డదని అనను, ఎంతో పనికొచ్చే పదార్థం. కానీ ద్రవంతో వచ్చే ఇబ్బందులు, అంటే మండే గుణం, లిథియం లోహంతో చర్య, దానితోనే ఉంటాయి. పీవీడీఎఫ్-హెచ్‌ఎఫ్‌పీకి మారతానంటే మారండి, కానీ పొడి పాలిమర్ మెరుగుపడిందని మాత్రం రాయకండి.

ఇక్కడ మా ల్యాబ్‌లో జరిగింది చెప్పాలి. కెరీర్ మొదట్లో నేను చేసిన ఒక ఫిల్మ్ గది ఉష్ణోగ్రత దగ్గర 3×10⁻⁴ ఇచ్చింది. మూడుసార్లు చేసినా అదే. పేపర్ రాయడం మొదలుపెట్టాం. లిథియం రేకుల మధ్య పెట్టిన సెల్స్‌ను పక్కన ఉంచి, మూడు వారాల తర్వాత చూస్తే ఇంపెడెన్స్ (ఏసీ కరెంటుతో నిరోధం కొలిచే పరీక్ష) గ్రాఫ్‌లో రెండో అర్ధవృత్తం, అంటే లిథియం, ఫిల్మ్ కలిసే చోటి నిరోధం, ప్రతిరోజూ పెరుగుతూ వచ్చింది. టీజీఏ, అంటే వేడిచేస్తూ బరువు ఎంత తగ్గుతోందో కొలిచే పరీక్ష, చేస్తే 120 డిగ్రీల లోపే 4 శాతం బరువు తగ్గింది. అదంతా ఎసిటోనైట్రైల్. 40 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఆరబెడితే చాలనుకున్నాం, కానీ ఉప్పు పట్టుకున్న ద్రావకం అంత తేలిగ్గా వదలదు. వాక్యూమ్‌లో 60 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచితే వాహకత వంద రెట్లకు పైగా పడిపోయింది, సెల్ మాత్రం స్థిరపడింది. ఆ పేపర్ ఆగిపోయింది. ఆ 4 శాతం ద్రావకం కరెంటు మోయడంతో ఆగలేదు, లిథియం లోహాన్ని కూడా తింటూ వచ్చింది.

పీవీడీఎఫ్ విషయంలో ఇది ఇంకా తీవ్రం. దాన్ని డీఎంఎఫ్ అనే ద్రావకంలో క్యాస్ట్ చేస్తారు, డీఎంఎఫ్ 153 డిగ్రీల దగ్గర మరుగుతుంది, లిథియంను గట్టిగా పట్టుకుంటుంది. ఘన పీవీడీఎఫ్ ఎలక్ట్రోలైట్ అని పేరు పెట్టిన చాలా ఫిల్ముల్లో లిథియం కదిలేది డీఎంఎఫ్ తోడుతోనే. ఈ సంగతి తెలిసి, ఎంత మిగిలిందో కొలిచి, ఆ మాట రాసి ముందుకు వెళ్ళేవాళ్ళ పని నేను ఇష్టంగా చదువుతాను. కొలవకుండా వదిలేసిన పనిని నమ్మలేను. నీరు కూడా అంతే. లిథియం టీఎఫ్‌ఎస్‌ఐ గాలిలోంచి తేమను లాక్కుంటుంది. ఫిల్మ్‌ను గ్లవ్ బాక్స్ (తేమ లేకుండా మూసి ఉంచే పెట్టె) బయట ఐదు నిమిషాలు పెట్టినా మీ అంకె మారుతుంది.

ఇక ఆనయాన్. ఇంపెడెన్స్ చెప్పేది మొత్తం వాహకత, అందులో లిథియం వాటా ఎంతో చెప్పదు. పీఈఓలో ఆక్సిజన్లు లిథియంను గట్టిగా పట్టుకుంటాయి, టీఎఫ్‌ఎస్‌ఐ ఆనయాన్‌ను పట్టుకునేవాళ్ళు లేరు. అది స్వేచ్ఛగా పరిగెత్తుతుంది. అందుకే లిథియం వాటా చాలాసార్లు 0.2 దగ్గర ఉంటుంది. అంటే మీ 10⁻⁶లో పనికొచ్చేది ఐదో వంతు. మిగతా నాలుగు వంతులు నిరుపయోగం కావడంతో సరిపెట్టుకోవు. చార్జింగ్ చేస్తున్నప్పుడు ఆనయాన్లన్నీ పాజిటివ్ వైపు పోగుపడి, లిథియం లోహం దగ్గర ఉప్పు కరువవుతుంది. అక్కడ ఉప్పు సున్నా అయితే లిథియం నాచులా, ముళ్ళలా పెరగడం మొదలవుతుంది.

ఈ వాటాను బ్రూస్, విన్సెంట్ పద్ధతిలో కొలవొచ్చు. రెండు లిథియం రేకుల మధ్య ఫిల్మ్ పెట్టి 10 మిల్లీవోల్టులు ఇచ్చి, మొదటి క్షణంలో కరెంటును, అది నిలకడకు వచ్చాక కరెంటును తీసుకోవాలి. ముందూ తర్వాతా ఇంటర్‌ఫేస్ నిరోధం కొలిచి సవరించాలి. ఆ సవరణ చేయకపోతే మీరు కొలిచింది లిథియం మీద పొర పెరగడాన్ని, అయాన్ వాటాను కాదు. ఈ పద్ధతి పలుచని ద్రావణాలకు ఉద్దేశించింది. ఉప్పు గాఢంగా ఉన్న పీఈఓలో జాగ్రత్తగా కొలిచిన బృందాలకు ఈ విలువ సున్నా కన్నా కిందకు, రుణాత్మకంగా కూడా వచ్చింది. లిథియం ఒంటరిగా కాక ఆనయాన్లతో గుంపుకట్టి ఎదురు దిశలో పోతే అలా వస్తుంది. కాబట్టి బ్రూస్, విన్సెంట్ విలువను పోల్చుకోవడానికి వాడండి, దాన్నే సత్యమనుకోకండి.

ఆనయాన్‌ను గొలుసుకే కట్టేస్తే? అలాంటి పాలిమర్లు ఉన్నాయి, లిథియం వాటా 1కి దగ్గరగా వస్తుంది, కానీ మొత్తం వాహకత తగ్గుతుంది. నా అభిప్రాయం అడిగితే, 0.9 వాటాతో 10⁻⁵ ఉన్న ఫిల్మ్‌ను 0.15 వాటాతో 5×10⁻⁵ ఉన్న దాని కన్నా ఎక్కువ గౌరవిస్తాను. పీఈఓ కాకుండా పాలీకార్బోనేట్లు, పాలీకాప్రోలాక్టోన్ లాంటివి చూడమని కూడా చెప్తాను. వాటిలోని కార్బొనిల్ ఆక్సిజన్ లిథియంను కాస్త వదులుగా పట్టుకుంటుంది, అందువల్ల వాటా 0.5 దాటడం సాధారణం.

వోల్టేజి సంగతి క్లుప్తంగా. పీఈఓ సుమారు 3.8, 4 వోల్టుల మధ్య ఆక్సీకరణ చెందడం మొదలుపెడుతుంది, గొలుసు చివర ఉండే హైడ్రాక్సిల్ గుంపులు ముందు దెబ్బతింటాయి. అందుకే దీన్ని 3.4 వోల్టుల ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) కాథోడ్‌తో జతచేస్తారు, 4.2 దాకా వెళ్ళే ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) కాథోడ్‌తో కాదు. స్టెయిన్‌లెస్ స్టీల్ మీద వోల్టేజిని వేగంగా పెంచుకుంటూ పోయి 5 వోల్టుల దాకా స్థిరం అని రాసే అలవాటును దయచేసి మీరు పట్టుకోకండి. అసలు కాథోడ్ పొడి, కార్బన్ ఉన్న చోట, ఒక వోల్టేజి దగ్గర గంటల తరబడి ఉంచి, కరెంటు ఎంత కారుతోందో చూడండి.

ఇంత కష్టపడి ఘన పాలిమర్ ఎందుకంటే లిథియం లోహం కోసం. గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీయాంప్-అవర్లు దాచుకుంటే లిథియం లోహం 3860 ఇస్తుంది. పాలిమర్ గోడలా నిలబడి ముళ్ళను ఆపుతుందని ఆశ. లిథియం కన్నా సుమారు రెట్టింపు షియర్ మాడ్యులస్ (పక్కకు నెట్టే ఒత్తిడికి లొంగని గట్టితనం) ఉంటే ముళ్ళు ఆగుతాయని 2005లో మన్రో, న్యూమన్ లెక్కగట్టారు. కరిగిన పీఈఓ దానికి వేల రెట్లు దిగువన ఉంటుంది. చేతులు చురుగ్గా కదలాలంటే గొలుసు మెత్తగా ఉండాలి, ముల్లు ఆగాలంటే గట్టిగా ఉండాలి, ఒకే గొలుసు రెండూ చేయలేదు. బర్కిలీలో బల్సారా బృందం అందుకే గట్టి పాలీస్టైరీన్‌ను, మెత్తటి పీఈఓను ఒకే గొలుసులో రెండు ముక్కలుగా కలిపింది. ఒక ముక్క బలానికి, ఇంకో ముక్క అయాన్‌కు. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన ఆలోచన ఇది. అయితే గట్టితనం ఒక్కటే చాలదు. పీఈఓ కన్నా ఎన్నో రెట్లు గట్టి అయిన సిరామిక్స్‌లోనూ సన్నని పగుళ్ళ గుండా లిథియం దూరిపోతుంది.

పొడి పీఈఓ రోడ్డెక్కలేదని అనుకోకండి. ఫ్రాన్స్‌లో బొలొరే గ్రూపు చేసిన లిథియం మెటల్ పాలిమర్ బ్యాటరీలతో 2011 చివరి నుంచి 2018 దాకా పారిస్‌లో ఆటోలిబ్ అద్దె కార్లు తిరిగాయి. భౌతిక శాస్త్రాన్ని వాళ్ళు దాటలేదు, దానికి తలవంచారు. బ్యాటరీని 60 నుంచి 80 డిగ్రీల మధ్య వెచ్చగా ఉంచారు. ఆగి ఉన్నప్పుడు ప్లగ్‌లో పెట్టుకునే అద్దె కారుకు, రోజంతా తిరిగే బస్సుకు అది కుదురుతుంది, జేబులో ఫోన్‌కు కుదరదు. ఘనం అంటే మండదు అనుకోవడం కూడా సరికాదు. 2022 ఏప్రిల్‌లో పారిస్‌లో ఇదే రకం బ్యాటరీలున్న రెండు సిటీ బస్సులు తగలబడ్డాయి, 149 బస్సులను కొంతకాలం ఆపేశారు. పీఈఓ కూడా మండే పదార్థమే, లోపల ఉన్నది లిథియం లోహం.

మీ స్థానంలో నేనుంటే ఈ నెల వాహకత పెంచే పని పక్కన పెడతాను. ఇప్పుడున్న ఫిల్మ్‌నే వాక్యూమ్‌లో 60 దగ్గర 48 గంటలు ఆరబెట్టి, టీజీఏలో మిగిలిన ద్రావకం ఎంతో చూస్తాను. అర శాతం కన్నా ఎక్కువ ఉంటే మళ్ళీ ఆరబెడతాను. వీలైతే ద్రావకమే లేకుండా, పీఈఓ, ఉప్పు పొడులను గ్లవ్ బాక్స్‌లో కలిపి 100 డిగ్రీల దగ్గర హాట్ ప్రెస్ చేసి ఒక ఫిల్మ్ చేస్తాను. రెండింటి వాహకత ఒకేలా ఉంటే నా అంకెను నమ్ముతాను. తర్వాత మందం తగ్గిస్తాను. ఆ తర్వాత 70 డిగ్రీల దగ్గర లిథియం, ఎల్‌ఎఫ్‌పీతో కాయిన్ సెల్ పెడతాను. అక్కడ వంద సైకిళ్ళు నడవని పదార్థాన్ని గది ఉష్ణోగ్రతకు తేవాలని చూడను. ఒక్కో సైకిల్‌లో, అంటే ఒకసారి చార్జ్ చేసి వాడితే, 99.5 శాతం లిథియం తిరిగి వస్తుందంటే వినడానికి బాగానే ఉంటుంది. అదనపు లిథియం లేకపోతే వంద సైకిళ్ళకు మిగిలేది 60 శాతం.

70 డిగ్రీల ఇంపెడెన్స్ గ్రాఫ్, వేడిచేస్తూ ఒకటి, చల్లబరుస్తూ ఒకటి, ఫిల్మ్ మందం, ఎలక్ట్రోడ్ వైశాల్యం, ఎలా ఆరబెట్టారో ఇక్కడ పెట్టండి. ఫిట్ చేసిన విలువలు వద్దు, ముడి డేటా చాలు. గ్రాఫ్‌లో అర్ధవృత్తం ఎక్కడ మొదలవుతోందో, మీరు నిరోధాన్ని ఏ బిందువు దగ్గర తీసుకున్నారో కూడా గుర్తుపెట్టి చూపించండి, అక్కడ పొరపాటు జరిగే అవకాశం ఉంది.